మామూలు యూజర్ పాత్‌లో ఏయే సిస్టమ్ డైరెక్టరీలు ఉండాలి? ఎస్‌బిన్ కలుపుకోవచ్చా?

డెబియన్ అనే లినక్స్ ఓఎస్ కొత్తగా వేసుకున్నవాళ్లకి మొదటి వారంలోనే తగిలే చిక్కు ఒకటుంది. మెషీన్ ఐపీ అడ్రస్ చూద్దామని అలవాటు కొద్దీ ఐఎఫ్‌కాన్ఫిగ్ అని కొడతారు. ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని వస్తుంది. నెట్-టూల్స్ ప్యాకేజీ లేదేమోనని అది వేస్తారు. మళ్లీ కొడతారు. మళ్లీ అదే మాట. ప్యాకేజీ తీసేసి మళ్లీ వేసినవాళ్లని, విసిగిపోయి ఓఎస్సే మార్చేసినవాళ్లని కూడా చూశాను. నిజానికి ప్యాకేజీ వేసిన క్షణం నుంచీ కమాండ్ డిస్కులోనే ఉంది. మనం కొట్టే కమాండ్లని అందుకుని నడిపే ప్రోగ్రాం, అంటే షెల్, వెతికే చోట లేదు, అంతే.

షెల్ ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే జాబితానే పాత్ అంటారు. మామూలు యూజర్‌కి ఆ జాబితాలో ఏ డైరెక్టరీలు తప్పకుండా ఉండాలి, ఎస్‌బిన్ అనే పేరున్నవి పెట్టుకోవచ్చా, పెట్టుకుంటే ఏ వరసలో పెట్టాలి, అసలు ఏవి దగ్గరికి రానివ్వకూడదు అన్నవి ఒక్కొక్కటిగా చేసి చూద్దాం. డెబియన్ 12, బాష్ షెల్ ఉన్నాయనుకుని చెబుతున్నాను. తేడా ఉన్నచోట మిగతా వాటి సంగతీ చెబుతాను.

ముందే ఒక మాట. కమాండ్లని, ఫైళ్ల పేర్లని ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాలే కొట్టాలి. పాత్, హోమ్ అనే రెండు వేరియబుల్స్ మాత్రం పెద్దక్షరాలు. యూఎస్ఆర్, ఈటీసీ, టీఎంపీ అన్నవి మూడేసి అక్షరాలు. ఎస్‌బిన్ అంటే బిన్‌కి ముందు ఒక ఎస్.

1. ఇప్పుడు మీ పాత్‌లో ఏముందో చూడండి

టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి:

ఎకో "$పాత్" | టీఆర్ ':' '\ఎన్'

ఉత్త ఎకో కొట్టినా జాబితా వస్తుంది కానీ, అంతా ఒకే లైన్లో కోలన్లతో అతుక్కుని ఉంటుంది. టీఆర్ ఆ కోలన్లని తీసి ఒక్కో డైరెక్టరీని ఒక్కో లైన్లో పెడుతుంది. డెబియన్లో మామూలు యూజర్‌కి దాదాపు ఇలా కనబడుతుంది:

/యూఎస్ఆర్/లోకల్/బిన్
/యూఎస్ఆర్/బిన్
/బిన్
/యూఎస్ఆర్/లోకల్/గేమ్స్
/యూఎస్ఆర్/గేమ్స్

ఈ వరస ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే /ఈటీసీ/ప్రొఫైల్ ఫైలు తెరవండి. మొదటి లైన్లలోనే ఒక ‘ఇఫ్’ కనబడుతుంది. లాగిన్ అయినవాడి యూజర్ నంబరు 0 అయితే, అంటే రూట్ (మెషీన్ మీద సర్వాధికారాలున్న యూజర్) అయితే, ఎస్‌బిన్‌లు ఉన్న జాబితా. కాకపోతే పైన చూసిన జాబితా. అంటే ఎస్‌బిన్ లేకపోవడం పొరపాటు కాదు. డెబియన్ వాళ్లు ఆలోచించే అలా పెట్టారు.

ఉబుంటులో ఇదే చూస్తే కథ వేరు. అక్కడ /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్ ఫైల్లోనే ఎస్‌బిన్‌లన్నీ మామూలు యూజర్‌కి కూడా ఇచ్చేశారు. ఉబుంటు నుంచి డెబియన్‌కి వచ్చినవాళ్లే ఈ విషయంలో ఎక్కువ తికమక పడటానికి కారణం ఇదే.

2. వరస ఎలా పనిచేస్తుందో చూడండి

షెల్ ఈ జాబితాని ఎడమ నుంచి కుడికి చూస్తుంది. అడిగిన పేరుతో, నడపడానికి అనుమతి ఉన్న ఫైలు ఎక్కడ మొదట కనబడితే దాన్ని నడిపేస్తుంది. అక్కడితో ఆగిపోతుంది. ఊళ్లో సుబ్బారావు గారిల్లు ఎక్కడని అడిగితే, మొదటి వీధిలో ఏ సుబ్బారావు కనబడితే ఆ ఇంటికే తీసుకెళ్లి దింపేసే రకం. నాలుగో వీధిలో మీకు కావాల్సిన సుబ్బారావు ఉన్నాడని దానికి చెప్పినా ఎక్కదు.

ఒకే పేరుతో ఎన్ని ఉన్నాయో చూడాలంటే:

టైప్ -ఏ పైథాన్3

టైప్ అన్నది షెల్‌లోనే ఉన్న కమాండ్. -ఏ ఇస్తే దొరికినవన్నీ వరసగా చూపిస్తుంది. పైన వచ్చినదే నడుస్తుంది. చాలామంది దీనికి విచ్ వాడతారు. తప్పేం లేదు కానీ, బాష్‌లో విచ్ బయటి ప్రోగ్రాం. మీరు పెట్టుకున్న ఏలియాస్‌లు, ఫంక్షన్లు దానికి మామూలుగా తెలియవు. టైప్‌కి తెలుస్తాయి.

3. తప్పకుండా ఉండాల్సిన మూడు

/యూఎస్ఆర్/బిన్: సిస్టమ్‌తో వచ్చే ప్రోగ్రాంలు, ప్యాకేజీ మేనేజర్ వేసేవి దాదాపు అన్నీ ఇక్కడే. ఇది లేకపోతే పాత్ లేనట్టే.

/బిన్: ఒకప్పుడు వేరే డైరెక్టరీ. యునిక్స్ తొలి రోజుల్లో, 1970ల మొదట్లో, పీడీపీ-11 మెషీన్ మీద చిన్న డిస్కు నిండిపోతే మిగతా ప్రోగ్రాంలని యూజర్ల ఫైళ్లున్న రెండో డిస్కు మీదికి, అంటే /యూఎస్ఆర్‌లోకి, మార్చారని చెబుతారు. అలా ఇల్లు చాలక పక్కవాటాలో పెట్టిన సామాను దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు రెండు వాటాల మధ్య గోడ తీసేశారు. ఫెడోరా 2012లో, 17వ వెర్షన్‌తో, /బిన్‌ని /యూఎస్ఆర్/బిన్‌కి ఉత్త లింకుగా (అసలు చోటికి దారి చూపే పేరుగా) మార్చింది. డెబియన్ 12, అంటే 2023 జూన్‌లో వచ్చినది, ఈ కలిపేసిన పద్ధతినే సపోర్ట్ చేస్తుంది. మీ మెషీన్లో ఎలా ఉందో చూడాలంటే:

ఎల్ఎస్ -ఎల్‌డి /బిన్ /ఎస్‌బిన్

పేరు పక్కన బాణం గుర్తు కనబడితే అది లింకే. అయినా పాత్‌లో /బిన్ ఉంచండి. నష్టం లేదు, పాత మెషీన్ల మీదికి వెళ్లినప్పుడు అదే మనల్ని కాపాడుతుంది.

/యూఎస్ఆర్/లోకల్/బిన్: ప్యాకేజీ మేనేజర్ ముట్టుకోని చోటు. మీరుగానీ మీ అడ్మిన్‌గానీ చేత్తో వేసిన ప్రోగ్రాంలు ఇక్కడికి వస్తాయి. ఇది జాబితాలో ముందుండటంలో ఒక ఉద్దేశం ఉంది. సిస్టమ్‌తో వచ్చిన పాత వెర్షన్ ఉన్నా, ఇక్కడ కొత్తది వేస్తే కొత్తదే నడవాలని. ఆ వరస అలాగే ఉంచండి.

గేమ్స్ డైరెక్టరీలు రెండూ మీ ఇష్టం. కౌసే, ఫార్చ్యూన్ లాంటి సరదా ప్రోగ్రాంలు డెబియన్‌లో /యూఎస్ఆర్/గేమ్స్‌లోనే ఉంటాయి. అవి అక్కర్లేకపోతే ఆ రెండు లైన్లని పట్టించుకోకండి.

4. ఎస్‌బిన్ కావాలో వద్దో తేల్చుకోండి

అసలు వాదమంతా ఇక్కడే. ఎస్‌బిన్‌లో ఎస్ అంటే సిస్టమ్. అడ్మిన్ పనికి వచ్చే ప్రోగ్రాంలు అక్కడ ఉంటాయి: ఎఫ్‌డిస్క్, ఎంకేఎఫ్ఎస్, యూజర్‌మాడ్, రీబూట్ లాంటివి. ‘ఇవి మామూలు యూజర్ చేతికి దొరకకూడదు, సెక్యూరిటీ సమస్య’ అని చాలా చోట్ల చెబుతారు. కాలేజీ ల్యాబుల్లో కూడా అలాగే చెబుతారు. ఆ మాట తప్పు.

ఎందుకు తప్పో మీరే చేసి చూడొచ్చు. మామూలు యూజర్‌గానే ఉండి, పూర్తి పేరుతో ఇలా కొట్టండి:

/ఎస్‌బిన్/ఎఫ్‌డిస్క్ -ఎల్

ప్రోగ్రాం నడుస్తుంది. డిస్కు తెరవబోయి ‘పర్మిషన్ డినైడ్’ అని ఆగిపోతుంది. అంటే మిమ్మల్ని ఆపింది పాత్ కాదు. డిస్కు ఫైలు మీద ఉన్న అనుమతులు, వాటిని కాపలా కాసే కెర్నెల్, అంటే ఓఎస్ గుండెకాయ. పాత్‌లో ఎస్‌బిన్ ఉన్నంత మాత్రాన మీకు కొత్త అధికారం ఏదీ రాదు. లేనంత మాత్రాన పోయేదీ లేదు. ఫోన్ బుక్కులో కలెక్టరు గారి నంబరు రాసుకుంటే మనం కలెక్టరైపోం కదా.

లినక్స్‌లో ఏ డైరెక్టరీ ఎందుకో చెప్పే ఫైల్‌సిస్టమ్ హయరార్కీ స్టాండర్డ్ కూడా ఈ సంగతి తేటగా చెప్పింది. దాని 3.0 వెర్షన్ 2015లో వచ్చింది. బిన్, ఎస్‌బిన్ అని విడదీసింది సెక్యూరిటీ కోసం కాదని, అందరూ వాడేవాటిని, ముఖ్యంగా అడ్మిన్ పనికి వాడేవాటిని వేరువేరుగా పెట్టడానికేనని అందులో ఉంది. అదే పత్రంలో ఇంకో నియమం: మామూలు యూజర్ ఎప్పుడైనా నేరుగా నడిపే అవకాశం ఉన్న ప్రోగ్రాం బిన్‌లోనే ఉండాలి, అతను ఎస్‌బిన్‌ని పాత్‌లో చేర్చుకోవాల్సిన అవసరమే రాకూడదు. పింగ్‌ని ఉదాహరణగా చెబుతారు. నెట్‌వర్క్ చెడిపోయినప్పుడు రూట్‌కి అది ప్రాణం, కానీ మామూలు యూజర్లూ వాడతారు కాబట్టి బిన్‌లో ఉండాలి.

నియమం బాగుంది. ఆచరణలో అందరూ పాటించలేదు. అందుకే ఈ చిక్కు. రూట్ అక్కర్లేకుండా మామూలు యూజర్‌కి పనికొచ్చేవి డెబియన్ ఎస్‌బిన్‌లో కొన్ని ఉండిపోయాయి. నేను తరచూ వాడేవి చెబుతాను.

ఐఎఫ్‌కాన్ఫిగ్: సెట్టింగులు మార్చాలంటే రూట్ కావాలి, చూడటానికి అక్కర్లేదు. దీని బదులు ‘ఐపీ ఏ’ కొట్టినా చాలు, ఐపీ అన్నది డెబియన్‌లో బిన్‌లోనే దొరుకుతుంది.

సిస్‌సీటీఎల్: కెర్నెల్ సెట్టింగుల్లో చాలావాటిని ఎవరైనా చదవొచ్చు.

స్వాపాన్ --షో: ఎంత స్వాప్ (మెమరీ చాలనప్పుడు డిస్కులో వాడే చోటు) ఉందో, ఎంత వాడుతోందో చూపిస్తుంది.

ఎల్‌డీకాన్ఫిగ్ -పీ: ఏ లైబ్రరీ ఎక్కడుందో చూపే జాబితా. ప్రోగ్రాంలు కంపైల్ చేసేవాళ్లకి రోజూ పని.

ఇలాంటివి మీకు వారానికి ఒకసారి కూడా అవసరం లేకపోతే ఎస్‌బిన్ గొడవే వద్దు. అవసరమైనప్పుడు పూర్తి పేరు కొట్టండి. ఆఫీసు మెయిల్, బ్రౌజర్, ఎడిటర్ వరకే వాడే మనిషి పాత్‌లో ఎస్‌బిన్ ఉన్నా లేకున్నా ఒకటే.

సొంత ల్యాప్‌టాప్‌కి మీరే అడ్మిన్ అయితే మాత్రం పెట్టుకోమనే నా సలహా. రోజుకి పదిసార్లు /ఎస్‌బిన్ అని కొట్టడంలో రక్షణ లేదు, వేళ్ల నొప్పి తప్ప. వద్దనేవాళ్లు చెప్పే కారణాల్లో నిజమైనది ఒక్కటే: టాబ్ కీ నొక్కినప్పుడు వచ్చే జాబితా పెరిగిపోతుంది. ‘ఎంకే’ అని రెండక్షరాలు కొట్టి టాబ్ నొక్కితే ఎంకేడిర్‌తో పాటు ఎంకేఎఫ్ఎస్ కుటుంబమంతా వచ్చి కూర్చుంటుంది. అది చికాకే, ఒప్పుకుంటాను.

మిగతావాళ్లు ఏం చేశారో చూస్తే గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. ఫెడోరా 2008లో, 10వ వెర్షన్‌తో, మామూలు యూజర్ల పాత్‌లో ఎస్‌బిన్‌లని చేర్చింది. చివర్లో చేర్చింది, ఆ సంగతి గుర్తుంచుకోండి. ఆర్చ్ లినక్స్ 2013లో ఎస్‌బిన్‌నే తీసేసి అన్నీ /యూఎస్ఆర్/బిన్‌లో కలిపేసింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఫెడోరా 42 కూడా అదే దారి పట్టింది. ఫ్రీబీఎస్‌డీలోనూ మామూలు యూజర్‌కి ఎస్‌బిన్‌లు మొదటి నుంచే చేతికిస్తారు. మ్యాక్‌లో /ఈటీసీ/పాత్స్ అనే ఫైలు తెరిస్తే /యూఎస్ఆర్/ఎస్‌బిన్, /ఎస్‌బిన్ అక్కడే కనబడతాయి. ఇన్ని చోట్ల ఉన్నా ఎక్కడా కొంప మునగలేదు.

5. కలుపుకోవాలనుకుంటే ఇలా కలపండి

మీ హోమ్‌లో, అంటే మీ సొంత ఫైళ్లుండే డైరెక్టరీలో, .ప్రొఫైల్ అనే ఫైలు ఉంటుంది. పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి ఉత్త ఎల్ఎస్‌కి కనబడదు, ఎల్ఎస్ -ఏ కొట్టాలి. ముందు దానికి ఒక కాపీ తీసి పెట్టుకోండి. తర్వాత ఎడిటర్‌లో తెరిచి చివర ఈ లైన్ రాయండి:

పాత్="$పాత్:/యూఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్:/యూఎస్ఆర్/ఎస్‌బిన్:/ఎస్‌బిన్"

సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. డాలర్ గుర్తుతో ఉన్న పాత్ మొదట ఉండాలి, అంటే పాత జాబితాకి తోకగా కొత్తవి చేరాలి. తోకగానే ఎందుకంటే, ఒకే పేరు రెండు చోట్లా ఉంటే యూజర్ కోసం పెట్టినది ముందు దొరకాలి. ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. పాత రెడ్‌హ్యాట్ సిస్టమ్స్‌లో రీబూట్, హాల్ట్ లాంటి పేర్లు రెండు చోట్లా ఉండేవి. /యూఎస్ఆర్/బిన్‌లో ఉన్నది కన్సోల్‌హెల్పర్ అనే మధ్యవర్తికి లింకు. అనుమతి ఉందో లేదో చూసి, అవసరమైతే పాస్‌వర్డ్ అడిగి, తర్వాత ఎస్‌బిన్‌లోని అసలు ప్రోగ్రాంని నడిపేది. ఎస్‌బిన్‌ని ముందు పెట్టుకున్నవాళ్లకి నేరుగా అసలుది తగిలి, ‘నువ్వు రూట్ కావు’ అని తిప్పి పంపేది.

మూడు ఎస్‌బిన్‌లు రాయాలా అంటే, డెబియన్ 12లో /ఎస్‌బిన్ లింకే కాబట్టి చివరిది అక్కర్లేదు. ఇదే .ప్రొఫైల్‌ని వేరే మెషీన్లకి మోసుకెళ్లే అలవాటుంటే ఉంచండి.

.ప్రొఫైల్ లాగిన్ అయినప్పుడే చదవబడుతుంది. అందుకే ఫైలు సేవ్ చేసి కొత్త టెర్మినల్ తెరిస్తే ఏమీ మారలేదనిపిస్తుంది. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. ఆ లోపు పరీక్షించాలంటే ఆ టెర్మినల్ వరకు చుక్క, ఖాళీ, ఫైలు పేరు కొడితే చాలు:

. ~/.ప్రొఫైల్

అప్పటికీ పని చేయకపోతే మీ హోమ్‌లో .బాష్_ప్రొఫైల్ అనే ఫైలు ఉందేమో చూడండి. అది ఉంటే లాగిన్ అయినప్పుడు బాష్ దాన్నే చదివి, .ప్రొఫైల్ జోలికి వెళ్లదు. చాలామందికి తెలియకుండానే ఏదో ఇన్‌స్టాలర్ దాన్ని సృష్టించి పెట్టి ఉంటుంది. నేను ఒక పూట పోగొట్టుకున్నది దీని దగ్గరే.

.బాష్‌ఆర్‌సీలో ఎందుకు రాయకూడదు? రాయొచ్చు, పని కూడా చేస్తుంది. కానీ అది కొత్త షెల్ తెరిచిన ప్రతిసారీ చదవబడుతుంది. షెల్‌లో షెల్ తెరిస్తే అవే మూడు పేర్లు మళ్లీ తోకకి చేరతాయి. హనుమంతుడి తోకలా పెరుగుతూనే ఉంటుంది. ప్రమాదం లేదు, చూడ్డానికే బాగుండదు. మ్యాక్‌లో జెడ్‌షెల్ వాడేవాళ్లు .జెడ్‌ప్రొఫైల్‌లో రాసుకోవాలి, అక్కడ ఎస్‌బిన్ ముందే ఉంది కాబట్టి దీనికోసమైతే అవసరం రాదు.

పొరపాటున డాలర్ పాత్ రాయడం మరిచిపోతే? లాగిన్ అవుతారు, ఎల్ఎస్ లేదంటుంది, క్యాట్ లేదంటుంది, నానో లేదంటుంది. టెన్షన్ పడకండి. ఏదీ చెరిగిపోలేదు, జాబితా మాత్రమే పోయింది. ఆ టెర్మినల్‌లోనే ఇది కొట్టండి:

పాత్=/యూఎస్ఆర్/బిన్:/బిన్

అన్నీ తిరిగి వస్తాయి. ఇప్పుడు .ప్రొఫైల్ తెరిచి సరిచేసుకోండి.

6. పాత్‌లోకి రానివ్వకూడనివి

ఎస్‌బిన్ గురించి పడే భయంలో సగం దీనికి పెట్టి ఉంటే బాగుండేది.

మొదటిది చుక్క. ఒంటరి చుక్క అంటే ‘ఇప్పుడు నేనున్న డైరెక్టరీ’. ప్రోగ్రాం రాసి కంపైల్ చేశాక, ముందు చుక్క-స్లాష్ కొట్టడం ఇష్టం లేక కొత్తగా నేర్చుకునేవాళ్లు పాత్‌లో చుక్క పెట్టేస్తారు. ఒకప్పుడు ఇది అందరికీ ఉండేది. 1979లో వచ్చిన ఏడో యునిక్స్‌లో బోర్న్ షెల్ సొంతంగా పెట్టుకునే పాత్‌లో మొదట ‘ఇప్పుడున్న డైరెక్టరీ’, తర్వాతే /బిన్, /యూఎస్ఆర్/బిన్. మెషీన్ వాడేవాళ్లంతా ఒకరికొకరు తెలిసిన కాలం అది.

ఇప్పుడు ఆలోచించండి. పదిమంది వాడే సర్వర్‌లో ఒకడు /టీఎంపీలో ఎల్ఎస్ అనే పేరుతో చిన్న స్క్రిప్టు పెట్టాడు. మీరు /టీఎంపీలోకి వెళ్లి ఎల్ఎస్ కొట్టారు. మీ పాత్‌లో చుక్క ముందుంటే అతని స్క్రిప్టు నడుస్తుంది. మీ పేరు మీద, మీ అనుమతులతో. అది మీ హోమ్‌లో చేయాల్సింది చేసి, చివర్లో అసలు ఎల్ఎస్‌ని పిలిచి జాబితా చూపిస్తుంది. మీకు అనుమానమే రాదు.

చుక్కని చివర పెడితే సరిపోతుందిగా అంటారు. కొంత నయమే. కానీ వేళ్లు తడబడి ఎల్ఎస్ బదులు ఎస్ఎల్ కొట్టని మనిషి ఎవరు? ఆ పేరుతో సిస్టమ్‌లో ఏదీ లేకపోతే వెతుకులాట చివరి దాకా వెళ్లి చుక్క దగ్గర ఆగుతుంది. దొంగకి కావాల్సింది అదే. డెబియన్‌లో ఎస్ఎల్ అనే సరదా ప్యాకేజీ వేసుకుంటే ఆ తప్పుకి టెర్మినల్ మీద రైలింజన్ పరిగెడుతుంది. రైలుతో పోతే పరవాలేదు.

కాబట్టి చుక్క పాత్‌లో వద్దు. సొంత ప్రోగ్రాంని నడపాలంటే చుక్క-స్లాష్ కొట్టండి, రెండక్షరాలే.

రెండోది కంటికి కనబడని చుక్క. పాత్‌లో రెండు కోలన్లు పక్కపక్కన పడినా, మొదట్లోగానీ చివర్లోగానీ ఒక కోలన్ మిగిలిపోయినా, అక్కడున్న ఖాళీని షెల్ ‘ఇప్పుడున్న డైరెక్టరీ’ అనే అర్థం చేసుకుంటుంది. ఏదో టూల్ చెప్పిందని ఒక వేరియబుల్ పేరు పాత్ చివర చేరుస్తాం. ఆ టూల్ తీసేశాక వేరియబుల్ ఖాళీ అవుతుంది, కోలన్ మిగులుతుంది. మీరు చుక్క పెట్టలేదు, అయినా చుక్క వచ్చేసింది. మొదటి మెట్టులో టీఆర్‌తో కొట్టిన కమాండ్ మళ్లీ కొట్టి, ఎక్కడైనా ఖాళీ లైన్ ఉందేమో చూడండి. ఉంటే ఇదే.

మూడోది ఎవరుపడితే వాళ్లు రాయగల డైరెక్టరీ. పాత్‌లో ఉన్న ఒక్కోదాన్ని, పేరు చివర ఒక స్లాష్ పెట్టి (లేకపోతే /బిన్ లాంటి లింకులకి లింకు అనుమతులే కనబడతాయి), ఎల్ఎస్ -ఎల్‌డి తో చూడండి. మొదట వచ్చే పది అక్షరాల్లో చివరి నుంచి రెండోది డబ్ల్యూ అయితే, ఆ మెషీన్ మీద ఎవరైనా అందులో ఫైలు పెట్టగలరు. /టీఎంపీ మీద కొట్టి చూస్తే ఎలా ఉంటుందో తెలుస్తుంది. అలాంటిది పాత్‌లో ఎక్కడున్నా, అది ఎస్‌బిన్ అయినా బిన్ అయినా, చుక్క ఎంత చెడ్డదో అదీ అంతే చెడ్డది. సిస్టమ్ డైరెక్టరీల యజమాని రూట్ అయి ఉండాలి, మిగతావాళ్లకి చదివే, నడిపే అనుమతి మాత్రమే ఉండాలి.

/యూఎస్ఆర్/లిబ్, /యూఎస్ఆర్/లిబెగ్జెక్ లాంటివి కూడా పాత్‌లో పెట్టకండి. అక్కడి ప్రోగ్రాంలు వేరే ప్రోగ్రాంలు పిలుచుకోవడానికి, మనుషులు కొట్టడానికి కాదు. /ఆప్ట్ కింద వేసిన ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి ఒక్కో బిన్ చేర్చుకుంటూ పోతే పాత్ కొండవీటి చాంతాడవుతుంది. దానికి బదులు కావాల్సిన ఒక్క ప్రోగ్రాంకి /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో లింకు పెట్టండి.

మీ హోమ్‌లోని బిన్, .లోకల్/బిన్ సంగతి వేరు. డెబియన్ ఇచ్చే .ప్రొఫైల్ ఈ రెండూ ఉంటే లాగిన్‌లో వాటిని పాత్ ముందుకి చేరుస్తుంది. వాటిలో మీరు తప్ప ఎవరూ రాయలేరు కాబట్టి మామూలు యూజర్‌కి ముందున్నా ఇబ్బంది లేదు. రూట్ పాత్‌లో మాత్రం ఎవరి హోమ్ డైరెక్టరీ ఉండకూడదు.

7. సుడో, సు, క్రాన్: ఇవి మీ పాత్ మాట వినవు

పైనదంతా చేశాక కూడా తికమక పెట్టేవి ఇవి మూడు.

ఒక కమాండ్‌ని రూట్ అధికారంతో నడిపే సుడో సొంత జాబితా పెట్టుకుంటుంది. /ఈటీసీ/సుడోయర్స్ ఫైల్లో సెక్యూర్_పాత్ అనే లైన్ చూడండి, అందులో ఎస్‌బిన్‌లన్నీ ఉంటాయి. అందుకే యూజర్‌మాడ్ అని విడిగా కొడితే దొరకదు, సుడో యూజర్‌మాడ్ అంటే దొరుకుతుంది. అడ్మిన్ పనులన్నీ సుడోతోనే చేసే అలవాటుంటే, నాలుగో మెట్టులో చెప్పిన ‘చూసే’ కమాండ్లు తప్ప ఎస్‌బిన్‌తో మీకు పనే లేదు. దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. మీ హోమ్ బిన్‌లో పెట్టుకున్న స్క్రిప్టు సుడోకి దొరకదు. పూర్తి పేరు ఇవ్వాలి.

రూట్‌గా మారడానికి వాడే సు విషయంలో 2019లో వచ్చిన డెబియన్ 10తో ఒక మార్పు జరిగింది. ఉత్త సు కొడితే రూట్ అవుతారు కానీ, పాత్ మాత్రం మీ పాతదే మిగిలిపోతుంది. అప్పుడు ఏదైనా ప్యాకేజీ వేయబోతే, ప్యాకేజీలు వేసే డీపీకేజీ ‘ఎల్‌డీకాన్ఫిగ్ పాత్‌లో లేదు’ అని గోల పెట్టి, రూట్ పాత్‌లో ఎస్‌బిన్‌లు ఉండాలని గుర్తు చేసి ఆగిపోతుంది. సు తర్వాత ఒక ఖాళీ, ఒక గీత కొట్టండి:

సు -

ఇది రూట్‌గా పూర్తి లాగిన్. జాబితా కూడా రూట్‌దే వస్తుంది. దీనికి విరుగుడుగా మీ పాత్‌లో ఎస్‌బిన్ చేర్చుకుని ఉత్త సు వాడొచ్చు, పని జరుగుతుంది. కానీ రూట్ అయ్యాక కూడా మీ హోమ్ బిన్ ముందున్న పాత్‌తో తిరగడం మంచి అలవాటు కాదు. ఇప్పుడే అనుకున్నాం కదా.

పెట్టిన వేళకి పనులు వాటంతట అవే నడిపే క్రాన్ మీ .ప్రొఫైల్‌ని చదవదు. డెబియన్‌లో అది ఇచ్చే పాత్ రెండే డైరెక్టరీలు: /యూఎస్ఆర్/బిన్, /బిన్. టెర్మినల్‌లో చక్కగా నడిచిన స్క్రిప్టు రాత్రి క్రాన్‌లో పడిపోతే నూటికి తొంభైపాళ్లు అనుమానించాల్సింది దీన్నే. క్రాన్‌టాబ్ (క్రాన్ చదివే పనుల ఫైలు) పైన పాత్ లైన్ పూర్తిగా రాయండి. అక్కడ డాలర్ పాత్ అని రాస్తే విడమరచదు, ఉన్నదున్నట్టు అక్షరాలుగానే తీసుకుంటుంది. లేదా స్క్రిప్టులో ప్రతి కమాండ్‌కి పూర్తి పేరు రాయండి. నేను రెండోదే చేస్తాను.

8. చివరిగా ఒకసారి సరిచూడండి

లాగౌట్ అయి లాగిన్ అయ్యాక ఈ మూడు కొట్టండి:

ఎకో "$పాత్" | టీఆర్ ':' '\ఎన్'
టైప్ -ఏ సిస్‌సీటీఎల్
టైప్ -ఏ ఎల్ఎస్

మొదటిదానిలో ఖాళీ లైన్ గానీ చుక్క గానీ ఉండకూడదు, ఎస్‌బిన్‌లు చివర ఉండాలి. రెండోది /యూఎస్ఆర్/ఎస్‌బిన్‌లోని దారి చూపాలి. కలిపేసిన సిస్టమ్‌లో అదే ఫైలు /ఎస్‌బిన్ పేరుతో రెండోసారి కనబడటం మామూలే. మూడోదానిలో ఏలియాస్ లైన్ ఒకటి రావొచ్చు, మిగతావన్నీ /యూఎస్ఆర్/బిన్ లేదా /బిన్ అయి ఉండాలి. ఇంకెక్కడి నుంచైనా ఎల్ఎస్ వస్తుంటే ఆ ఫైలు ఎవరిదో, ఎందుకుందో తెలుసుకునే దాకా అక్కడి నుంచి కదలకండి.

ఏదైనా ప్రోగ్రాంని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చాక కూడా బాష్ పాత దారినే పట్టుకుని ‘ఫైలు లేదు’ అంటుంటే, అది పాత్ తప్పు కాదు. ఒకసారి దొరికిన దారిని బాష్ గుర్తుపెట్టుకుంటుంది. హ్యాష్ -ఆర్ కొడితే మరిచిపోయి మళ్లీ మొదటి వీధి నుంచి వెతుకుతుంది.